గళ్ళ నుడికట్టు: విసుగులోని న్యాయం, విప్పడంలోని ఆనందం

వ్యాస సంగ్రహం:
పత్రికలలో వెలువడే పదప్రహేళికను మన సాహిత్య విమర్శ కాలక్షేపంగా భావించి పక్కన పెట్టింది. ప్రహేళిక, చిత్రకవిత్వం, అవధానం అనే మూడు సంప్రదాయాల వెలుగులో ఈ వ్యాసం గళ్ళ నుడికట్టును పరిశీలిస్తుంది. తెలుగులో గడికి ప్రమాణం వర్ణం కాక అక్షరం కావడం వల్ల కలిగే చిక్కులను హుస్నాబాద్ అనే ఊరిపేరును గళ్ళలో పేర్చి వివరిస్తుంది. పూరించేవారికి కలిగే విసుగును న్యాయమైనది, అన్యాయమైనది అని రెండుగా విభజిస్తుంది. ఆధారాల నిర్మాణానికి మన అలంకారశాస్త్రంలోనే కొలతలు ఉన్నాయని చూపుతుంది. ఉత్తర తెలంగాణ పదజాలం పట్ల నుడికట్టు పాటించవలసిన నీతిని ప్రతిపాదిస్తుంది. ఉదాహరణగా ఇచ్చిన ఆధారాలన్నీ ఈ వ్యాసం కోసం కూర్చినవే.

కీలక పదాలు: గళ్ళ నుడికట్టు, ప్రహేళిక, చిత్రకవిత్వం, అక్షరచ్యుతకం, న్యస్తాక్షరి, తెలంగాణ పదజాలం.

1. ప్రవేశిక

ఆర్థర్ విన్ అనే పాత్రికేయుడు 1913 డిసెంబరు 21న ‘న్యూయార్క్ వరల్డ్’ ఆదివారపు సంచికలో వజ్రాకారంలో గళ్ళు గీసి, వాటిని పదాలతో నింపమని పాఠకులను కోరాడు. క్రాస్‌వర్డ్ చరిత్ర సాధారణంగా అక్కడి నుంచే మొదలవుతుంది. 1924లో సైమన్ అండ్ షుస్టర్ సంస్థ ఈ పజిళ్ళను పుస్తకంగా వేసింది. 1930 ఫిబ్రవరి 1న లండన్ ‘టైమ్స్’ పత్రిక తన మొదటి క్రాస్‌వర్డును ప్రచురించింది. ఆధారాన్ని నేరుగా చెప్పక మాటల మాటున దాచే గూఢరీతి ఇంగ్లండులోనే పెరిగింది. 1926 నుంచి ‘అబ్జర్వర్’ పత్రికకు పజిళ్ళు కూర్చిన ఎడ్వర్డ్ పవిస్ మాథర్స్ తనకు ‘టార్కెమాడా’ అని పేరు పెట్టుకున్నాడు. అది స్పెయిన్ మతవిచారణలో చిత్రహింసలకు పేరుమోసిన అధికారి పేరు. ఆయన తరువాత ఆ స్థానంలోకి వచ్చిన డి. ఎస్. మక్‌నట్ ‘జిమెనెజ్’ అని అదే కోవకు చెందిన మరొక పేరు ఎంచుకున్నాడు. పూరించేవారిని వేధించడం ఈ ప్రక్రియలో యాదృచ్ఛికం కాదనీ, కర్త తెలిసి చేసే పనేననీ ఆ పేర్లే చెబుతున్నాయి.

తెలుగులో ఈ ప్రక్రియకు రెండు పేర్లు స్థిరపడ్డాయి. శ్రీశ్రీ పేరుతో ముడిపడినది ‘పదబంధ ప్రహేళిక’. ఆరుద్ర పేరుతో ముడిపడినది ‘గళ్ళ నుడికట్టు’. మొదటిది సంస్కృత సమాసం, రెండవది అచ్చతెలుగు. మొదటి పేరులోని ‘బంధం’ చిత్రకవిత్వాన్నీ, ‘ప్రహేళిక’ అలంకారశాస్త్రాన్నీ గుర్తుచేస్తాయి. రెండవ పేరులోని ‘కట్టు’ చేతిపనిని గుర్తుచేస్తుంది. ఆధునిక కవులలో అగ్రగణ్యులైన ఇద్దరు ఈ ప్రక్రియను చేపట్టినా, దినపత్రికల ఆదివారపు అనుబంధాలలోనూ, ‘పొద్దు’, ‘ఈమాట’ వంటి అంతర్జాల పత్రికలలోనూ అది కొనసాగినా, దానిని పూరించడమే జరిగింది గాని విమర్శించడం జరగలేదు. మంచి ఆధారానికీ చెడ్డ ఆధారానికీ భేదం ఏమిటి? పూరించేవారి విసుగు ఎప్పుడు వారి లోపం, ఎప్పుడు కర్త లోపం? ఈ రెండు ప్రశ్నలే ఈ వ్యాసానికి ఆధారం.

2. నిండిన గడి, ఖాళీ గడి

గళ్ళలో అక్షరాలు పేర్చడం మనకు కొత్త కాదు. భారవి ‘కిరాతార్జునీయం’ పదిహేనవ సర్గలోనూ, మాఘుడు ‘శిశుపాలవధం’ పందొమ్మిదవ సర్గలోనూ ‘సర్వతోభద్రం’ అనే బంధాన్ని కూర్చారు. ఎనిమిదేసి అక్షరాల నాలుగు పాదాలను గళ్ళలో నింపితే ఎడమ నుంచి కుడికీ, కుడి నుంచి ఎడమకూ, పై నుంచి కిందికీ, కింది నుంచి పైకీ ఒకే పాఠం వస్తుంది. చక్రబంధం, నాగబంధం, గోమూత్రికాబంధం తెలుగు కవులకూ పరిచితాలే. ఆనందవర్ధనుడు చిత్రకావ్యాన్ని నిజమైన కావ్యంగా కాక కావ్యానుకరణగా భావించాడు. మమ్మటుడు దానిని అవరకావ్యంగా లెక్కించాడు. నుడికట్టు పట్ల నేటి విమర్శకుల మౌనానికి మూలం ఈ తీర్పులోనే ఉందని భావించవచ్చు.

అయితే బంధకవిత్వానికీ నుడికట్టుకూ మౌలికమైన భేదం ఒకటి ఉంది. బంధకవి గళ్ళు నింపి ఇస్తాడు. పాఠకుడు ఆ నిర్మాణాన్ని సరిచూసి ఆశ్చర్యపడతాడు. అక్కడ శ్రమా కవిదే, కీర్తీ కవిదే. నుడికట్టు కర్త ఖాళీ గళ్ళు ఇస్తాడు. పాఠకుడు పని పూర్తిచేసే వరకు ఆ రచన అసంపూర్ణం. కాబట్టి చిత్రకావ్యంపై పూర్వులు ఇచ్చిన తీర్పు దీనికి యథాతథంగా వర్తించదు.

ఈ పాఠక భాగస్వామ్యానికి దగ్గరి పోలిక అవధానంలో ఉంది. న్యస్తాక్షరిలో పృచ్ఛకుడు ఫలానా పాదంలో ఫలానా స్థానంలో ఫలానా అక్షరం ఉండాలని నిర్దేశిస్తాడు. అవధాని ఆ అక్షరాన్ని కదపకుండా దాని చుట్టూ పద్యాన్ని అల్లుతాడు. అడ్డం పదాన్ని పూరించాక నిలువు పదంలో మూడవ గడిలో ఒక అక్షరం వచ్చి కూర్చున్నప్పుడు పూరించేవారి స్థితి సరిగ్గా ఇదే. నిషిద్ధాక్షరిలో అవధానికి తోచబోయే అక్షరాన్ని పృచ్ఛకుడు ముందే ఊహించి అడ్డుకుంటాడు. గూఢరీతి ఆధారాన్ని కూర్చే కర్త కూడా పాఠకుడికి మొదట తోచే అర్థాన్ని ఊహించి, ఆ దారిలోనే తప్పుదోవ పట్టించే మాటను ఉంచుతాడు. అవధాన సభలో పృచ్ఛకుడు కళ్ళెదుట ఉంటాడు. నుడికట్టులో ఎదుట ఉండడు. ఎదుట లేని ప్రత్యర్థిని అడగడానికి వీలులేదు కనుకనే ఇక్కడ న్యాయం అనే ప్రశ్న మరింత బలంగా తలెత్తుతుంది.

3. అక్షరమే గడి: ఒక ఊరిపేరు చెప్పే పాఠం

ఇంగ్లీషు గడిలో ఇరవై ఆరు వర్ణాలలో ఒకటి ఉంటుంది. తెలుగు గడిలో ఉండేది అక్షరం. హల్లులను గుణింతాలతో లెక్కిస్తేనే 400 దాటుతాయి. సంయుక్తాక్షరాలు కలిస్తే ఆ సంఖ్య వేలలోకి పోతుంది. దీని ఫలితం రెండు విధాలుగా ఉంటుంది. పూరించేవారికి ఒక్క ఖండనాక్షరం దొరికినా ఇంగ్లీషు కంటే ఎన్నో రెట్లు సమాచారం దొరికినట్టే. కర్తకు మాత్రం రెండు పదాలు ఒక గడిలో కలిసే చోటు వెతకడం అంతకంత కష్టం.

కరీంనగర్ జిల్లాలో ఉండి 2016 అక్టోబరులో సిద్దిపేట జిల్లాలో చేరిన హుస్నాబాద్ పేరును ఉదాహరణగా తీసుకుందాం. ఇది అడ్డంగా నాలుగు గళ్ళు: హు, స్నా, బా, ద్. ఇప్పుడు ఒక్కొక్క గడి నుంచి నిలువు పదాన్ని దింపుదాం.

మొదటి గడి ‘హు’తో మొదలయ్యే వాడుక పదాలు తలచుకుంటే హుకుం, హుషారు, హుక్కా వంటివి ముందుకు వస్తాయి. అవి అరబీ, పారసీక మూలాల నుంచి ఉర్దూ ద్వారా తెలుగులో కలిసినవి. రెండవ గడి ‘స్నా’తో మొదలయ్యేవి స్నానం, స్నాతకుడు, స్నాతకోత్సవం. ఇవి సంస్కృత సమాలు. మూడవ గడి ‘బా’తో బావి, బాట, బావ, బాగు అని ఇంటి మాటలు ఎన్నయినా దింపవచ్చు. ఊరిపేరుకు మూలం ఉర్దూయే అయినా దానిని గళ్ళలో పెట్టి చూస్తే ఉత్తర తెలంగాణ తెలుగులోని మూడు పొరలూ మూడు గళ్ళ కింద వరుసగా కనిపిస్తాయి. నిఘంటువులోని అకారాది క్రమం ఈ పొరలను ఇలా ఒక్కచోట చూపదు. గడి చూపుతుంది.

నాలుగవ గడి ‘ద్’ దగ్గర కర్త చిక్కుకుంటాడు. పొల్లుతో తెలుగు పదం మొదలు కాదు. పొల్లుతో ముగిసే మరొక పదాన్ని నిలువుగా తెచ్చి, రెండూ చివరి గడిలో కలిసేలా కూర్చాలి. ఆదిలాబాద్‌ను నిలువుగా రాస్తే ఆ, ది, లా, బా, ద్ అని ఐదు గళ్ళు. ఆ ఊరూ ఈ ఊరూ పొల్లు దగ్గర కలుస్తాయి. అది కుదరకపోతే కర్త ‘హుస్నాబాదు’ అని అజంతం చేస్తాడు. అప్పుడు గళ్ళ సంఖ్య మారదు, అక్షరం మాత్రం మారుతుంది. స్థానికుల నోట హకారం జారి ‘ఉస్నాబాద్’ అయితే మొదటి గడే మారిపోతుంది. ఒకే ఊరు, మూడు రూపాలు, మూడూ నాలుగేసి గళ్ళే. కర్త ఏ రూపం తలచుకున్నాడో చెప్పే బాధ్యత ఆధారంపై పడుతుంది.

ఈ చిక్కుకు సాంకేతిక పార్శ్వం కూడా ఉంది. యూనికోడ్‌లో హుస్నాబాద్ పది సంకేతాల వరుస. హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు వేర్వేరుగా లెక్కకు వస్తాయి. ఇంగ్లీషు కోసం తయారైన ఉపకరణం ఈ పదానికి పది గళ్ళు గీస్తే అది తెలుగు గడి కాదు. గడికి ప్రమాణం అక్షరం అన్న సూత్రాన్ని ఛందస్సులో మనం ఏనాడో అంగీకరించాం. నుడికట్టును యంత్రానికి అప్పగించే ముందు ఆ సూత్రాన్ని యంత్రానికి కూడా నేర్పాలి.

4. విసుగు రెండు విధాలు

‘మార్గం (2)’ అనే ఆధారాన్ని చూద్దాం. దారి, బాట, తోవ, త్రోవ, తొవ్వ, పథం. ఆరు పదాలూ రెండేసి అక్షరాలే. రెండవ గడిలో ‘రి’ వస్తే దారి, ‘ట’ వస్తే బాట, ‘వ్వ’ వస్తే తొవ్వ అని తేలుతుంది. ‘వ’ వస్తే తోవ, త్రోవ అని మళ్ళీ రెండు దారులు. మొదటి గడికి ఖండనం లేకపోతే ఈ సందేహం తీరే ఉపాయమే లేదు. ఇక్కడ పూరించేవారు ఎంత పండితులైనా చేయగలిగింది ఊహించడమే.

ఈ పరిస్థితిని మన న్యాయవ్యవస్థ కూడా ఒకప్పుడు పరిశీలించింది. బహుమతి పోటీల చట్టం, 1955 అక్షరాలు, పదాలు, అంకెల కూర్పుపై ఆధారపడిన పజిళ్ళకు బహుమతులిచ్చే పోటీలను తన పరిధిలోకి తెచ్చి, ఒక నెలలో ఇచ్చే బహుమతుల మొత్తానికి 1000 రూపాయల హద్దు విధించింది. ఆర్. ఎం. డి. చమర్‌బాగ్‌వాలా వ్యాజ్యంలో 1957లో సుప్రీంకోర్టు, గెలుపు గణనీయంగా నైపుణ్యంపై ఆధారపడే పోటీలకు ఆ చట్టం వర్తించదని తేల్చింది. నైపుణ్యమా, అదృష్టమా అన్నది అక్కడి ప్రశ్న. విమర్శకుడి ప్రశ్న కూడా అదే. ఆధారానికి రెండు సమాధానాలు సమానంగా సరిపోయి, కర్త దాచుకున్న సమాధానమే సరైనదని తేలితే అది సాహిత్యక్రీడ కాదు, లాటరీ. అలాంటి చోట కలిగే విసుగు అన్యాయమైనది. దానికి బాధ్యత కర్తదే.

న్యాయమైన విసుగు వేరు. సమాధానం ఒక్కటే అయి ఉంటుంది. దానికి చేరే మార్గం ఆధారంలోనే ఉంటుంది. అయినా కంటికి ఆనదు. మొదట తోచిన అర్థం కదలనివ్వదు. ఒక పదాన్ని ఖాయమనుకుని రాస్తే, దాని అక్షరాలు నాలుగు నిలువు పదాలను పాడుచేస్తాయి. పొరపాటు ఒక గడిలో పుట్టి మూలమూలకూ పాకుతుంది. చివరకు, తాను అనుమానించిన పదాలన్నీ సరైనవేననీ, నిస్సందేహంగా నమ్మిన పదమే తప్పనీ తెలుస్తుంది. ఈ అనుభవం పరిశోధకులకు కొత్తది కాదు. తాళపత్ర పాఠపరిష్కరణలో ఒక పాఠాన్ని తొందరపడి స్థిరపరచినప్పుడు తరువాతి పాఠాలన్నీ ఎలా వక్రిస్తాయో తెలిసినవారికి నుడికట్టులోని ఈ విసుగు సుపరిచితం. పూరించిన తరువాత ‘ఇది నాకు ముందే తట్టవలసింది’ అనిపిస్తే ఆ విసుగు న్యాయమైనది. ‘ఇది నాకు ఎలా తడుతుంది?’ అనిపిస్తే అన్యాయమైనది.

5. ఆధారానికి కొలతలు

ఇంగ్లీషులో ఈ న్యాయానికి సూత్రాలు ఏర్పడ్డాయి. ‘ఆఫ్రిట్’ అనే పేరుతో పజిళ్ళు కూర్చిన ఎ. ఎఫ్. రిచీ 1949లో చెప్పిన నియమం ప్రకారం, కర్త తన మాటలకు పైకి తోచే భావానికి కట్టుబడనవసరం లేదు గాని, ఆ మాటలు అక్షరాలా సమాధానాన్ని చెప్పి తీరాలి. జిమెనెజ్ 1966లో వెలువరించిన గ్రంథంలో ఆధారానికి నిర్వచనం, పదక్రీడ ఉండాలనీ, వాటికి మించి అనవసరమైనదేదీ ఉండరాదనీ కోరాడు. ఈ సూత్రాలు విలువైనవే. కాని అవి వర్ణలిపికి చెందిన భాష కోసం ఏర్పడ్డాయి. ‘చెదిరిన’ అని కర్త అన్నప్పుడు తెలుగులో చెదిరేది అక్షరమా, వర్ణమా? ‘పాట’లో దీర్ఘం పక్కకు జరిగి ‘పటా’ కావచ్చునా? ఇంగ్లీషు సూత్రాలలో దీనికి సమాధానం లేదు.

సమాధానం మన సంప్రదాయంలో ఉంది. దండి ‘కావ్యాదర్శం’ మూడవ పరిచ్ఛేదంలో పదహారు విధాల ప్రహేళికలను వివరించాడు. బాణుడు ‘కాదంబరి’లో శూద్రకుని వినోదాలను చెబుతూ అక్షరచ్యుతకం, మాత్రాచ్యుతకం, బిందుమతి, ప్రహేళిక వంటివాటిని పేర్కొన్నాడు. ఆలంకారికులు బిందుచ్యుతకాన్నీ చెప్పారు. అక్షరం జారితే ఒక క్రీడ, మాత్ర జారితే మరొకటి, బిందువు జారితే ఇంకొకటి అని పూర్వులు స్పష్టంగా వేరుచేశారు. ఈ పరిభాష నేటి నుడికట్టుకు నేరుగా పనికివస్తుంది.

‘కలం’ అనే రెండక్షరాల పదాన్నే తీసుకుందాం. ‘నడుము లేని కమలం రాస్తుంది (2)’ అంటే కమలంలో మధ్య అక్షరం జారి కలం అవుతుంది. ఇది అక్షరచ్యుతకం. ‘దీర్ఘం కోల్పోయిన కాలం రాస్తుంది (2)’ అంటే మాత్రాచ్యుతకం. ‘సున్నా పోతే కలం నిద్రలో వస్తుంది (2)’ అంటే బిందుచ్యుతకంతో ‘కల’ వస్తుంది. మూడు చోట్లా ఏది జారిందో ఆధారమే స్పష్టంగా చెప్పింది. అక్షరం, మాత్ర, బిందువు అన్న భేదం చూపకుండా ‘కొంచెం పోయిన కాలం’ అని రాస్తే అది దుష్టప్రహేళిక.

రెండవ కొలత విభక్తికి సంబంధించినది. తెలుగులో ప్రత్యయం చేరగానే చివరి అక్షరం మారిపోతుంది. ‘వలన’ను తారుమారు చేస్తే ‘నవల’ వస్తుంది. అయితే ‘ఎవరి వలనో’ అని సహజవాక్యం రాస్తే గడిలోని ‘న’ కాస్తా ‘నో’ అయి క్రీడ చెడుతుంది. అందుకని కర్త ‘వలన చెదిరినా చదివించే పెద్దకథ (3)’ అని రాస్తాడు. ఇది న్యాయమైన ఆధారమే. కాని పైవాక్యం కుంటుతుంది. అదే సమాధానానికి ‘కాదని వల వేసిన పెద్దకథ (3)’ అంటే, ‘కాదు’ అనడానికి సంస్కృతంలోని ‘న’, దానిపై ‘వల’ కలిసి నవల అవుతుంది. వాక్యమూ నిలుస్తుంది, నిర్మాణమూ నిలుస్తుంది. రెండూ న్యాయమైనవే అయినా రెండవది మెరుగైనది. కనుక న్యాయం నుడికట్టుకు కనీస ధర్మం. సౌష్ఠవం దాని గుణం. ఈ భేదం చూపగలిగినప్పుడే నుడికట్టు విమర్శ అనేది సాధ్యమవుతుంది.

మూడవ కొలత వర్ణక్రమ భేదాలది. ‘రిపేరు (4)’ అని ఆధారం ఇస్తే మరమ్మతు, మరమ్మత్తు, మరామత్తు అనే మూడు రూపాలూ నాలుగు గళ్ళలో సరిపోతాయి. ‘వాల్మీకి తొలి జపానికి నిషా తోడైతే బాగుచేత (4)’ అంటే ‘మరా’, ‘మత్తు’ కలిసి మరామత్తు ఒక్కటే నిలుస్తుంది. నేరుగా అర్థం చెప్పిన ఆధారం సులభమనీ, గూఢమైన ఆధారం కఠినమనీ సాధారణ అభిప్రాయం. కాని ఇక్కడ నేరైన ఆధారం మూడు సమాధానాల మధ్య వదిలివేసింది. గూఢమైన ఆధారం అక్షరం అక్షరం చూపించి ఒక్కదాని దగ్గరికి చేర్చింది. కాఠిన్యం, అన్యాయం ఒకటి కావనడానికి ఇది నిదర్శనం.

6. ఎవరి మాట గడిలోకి వస్తుంది?

నుడికట్టు కర్తకు నిఘంటువు తుది ప్రమాణం. ఏ నిఘంటువు అన్నది అసలు ప్రశ్న. 1885లో వెలువడిన బహుజనపల్లి సీతారామాచార్యుల ‘శబ్దరత్నాకరం’ కావ్యభాషకు ప్రమాణం. నేటి పత్రికాభాష మరొక ప్రమాణం. ఈ రెండింటి నడుమ హుస్నాబాద్ ప్రాంతపు వాడుకకు చోటెంత? ‘దాహం (2)’ అన్న ఆధారం చూడగానే ఇక్కడి పాఠకురాలికి ‘దూప’ తడుతుంది. కర్త దాచినది ‘దప్పి’ అయితే ఆమె రాసినది తప్పవుతుంది. ఆమెకు భాష రాక కాదు, ఆమె భాష ఆ గళ్ళ లెక్కలోకి రాకపోవడం వల్ల. ‘తొవ్వ’, ‘సోయి’, ‘ఇగురం’, ‘పయిలం’ వంటి మాటలు ఎప్పుడైనా వచ్చినా వాటి ఆధారానికి ‘మాండలికం’, ‘తెలంగాణ యాసలో’ అని ఒక తోక తగులుతుంది. ‘దప్పి’కీ, ‘త్రోవ’కూ అలాంటి తోక ఉండదు. తోక ఉన్న మాట అతిథి, తోక లేని మాట ఇంటి యజమాని అన్న భావం ఆ చిన్న గుర్తులోనే స్థిరపడుతుంది.

చరిత్ర ఈ భావాన్ని సమర్థించదు. కరీంనగర్ ప్రాంతంలోని కుర్క్యాల బొమ్మలగుట్టపై పదవ శతాబ్దంలో జినవల్లభుడు వేయించిన శాసనంలో సంస్కృతం, కన్నడంతో పాటు తెలుగు కందపద్యాలు ఉన్నాయి. తెలంగాణలో కవులు లేరన్న మాటకు సమాధానంగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను తెచ్చారు. కాళోజీ జన్మదినమైన సెప్టెంబరు 9 తెలంగాణ భాషా దినోత్సవంగా జరుగుతున్నది. పదసంపద కూడా సేకరణ లేక మరుగున పడినది కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి ఆధ్వర్యంలో మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో వెలువడ్డాయి. కరీంనగర్ ప్రాంత రచయిత నలిమెల భాస్కర్ ‘తెలంగాణ పదకోశం’ కూర్చారు. కర్త చేయి చాపితే అందే దూరంలోనే ఈ ఆకరాలు ఉన్నాయి.

తెలంగాణ పదాలు చేరితే ఇతర ప్రాంతాల పాఠకులకు అన్యాయం జరగదా అన్న అభ్యంతరం రావచ్చు. దీనికి సమాధానం పై విభాగంలోని మూడవ కొలతలోనే ఉంది. ‘అన్ని నీళ్ళు పట్టే పాత్ర (2)’ అనే ఆధారాన్ని గమనించండి. పైకి ‘అంత నీరు పట్టే పాత్ర’ అని వినిపిస్తుంది. ‘అన్ని’ అన్న మాటను ‘సమస్త’ అనే అర్థంలో తీసుకుంటే ‘సర్వ’ వస్తుంది. తెలంగాణ ఇళ్ళలో నీళ్ళు పట్టే పాత్ర పేరు కూడా సర్వ. ఆ పాత్రను వాడిన ఇంటివారు రెండవ అర్థం నుంచి సమాధానానికి చేరుతారు. వాడనివారు మొదటి అర్థం నుంచి చేరి, కొత్త మాట ఒకటి నేర్చుకుని వెళతారు. ఇద్దరికీ ద్వారం తెరిచే ఉంది. ‘మాండలికం’ అన్న తోక అవసరం పడలేదు. ప్రాంతీయ పదాన్ని ఎంచుకోవడంలో అన్యాయం లేదు. అది తెలియనివారికి రెండవ ద్వారం తెరవకపోవడంలోనే అన్యాయం ఉంది. ఇదే న్యాయం ‘దప్పి’కీ వర్తించాలి. ‘దాహం’ అని మాత్రమే చెప్పి వదలక, పదక్రీడ ద్వారా ‘దప్పి’ని ఖాయం చేస్తే దూప అన్నవారు తమ మాట తప్పయిందని బాధపడరు. ఈ గడిలో ఒదిగే మాట వేరొకటని గ్రహిస్తారు.

7. ఆనంద స్వరూపం

విప్పినప్పుడు కలిగే ఆనందం రసానుభూతి కాదు. స్థాయీభావం లేదు, సాధారణీకరణం లేదు. దానిని చమత్కారం అనడం సముచితం. దండి ప్రహేళికల ప్రయోజనాన్ని క్రీడాగోష్ఠులలోని వినోదానికీ, జనసమూహంలో తెలిసినవారి రహస్య సంభాషణకూ, ఇతరులను తికమకపెట్టడానికీ పరిమితం చేశాడు. ఆయన లెక్కలో ప్రహేళిక తెలిసినవారిని తెలియనివారి నుంచి వేరుచేస్తుంది. పత్రికలోని నుడికట్టు దీనికి ఎదురుదిశలో నడుస్తుంది. గోష్ఠి గడప దాటి, ఎవరు కొన్నా అదే ఆధారాలు ఇస్తుంది.

ధ్వనితో పోల్చినప్పుడు మరొక విశేషం తెలుస్తుంది. ధ్వనికావ్యంలో వాచ్యార్థం వ్యంగ్యార్థాన్ని స్ఫురింపజేశాక కూడా మిగిలి ఉంటుంది. నుడికట్టు ఆధారంలో పైకి కనిపించిన అర్థం సమాధానం తట్టగానే రాలిపోతుంది. ‘నీళ్ళు పట్టే పాత్ర’ అన్న బొమ్మ పోయి ‘సర్వ’ మిగులుతుంది. శ్లేషకావ్యంలో, ఉదాహరణకు పింగళి సూరన ‘రాఘవపాండవీయం’లో, రెండు అర్థాలూ సమానంగా నిలవాలి. నుడికట్టులో ఒకటి మరొకదానికి నిచ్చెన. ఎక్కాక నిచ్చెన అక్కరలేదు. కాబట్టి నుడికట్టును శ్లేషకావ్యపు చిన్న తమ్ముడిగా భావించడం సరికాదు. దాని ఆనందం రెండు అర్థాలు కలిసి ఉండడంలో లేదు. ఒక అర్థం నుంచి మరొకదానికి మనసు దూకిన క్షణంలో ఉంది.

ఆ క్షణానికి విలువ తెచ్చేది దానికి ముందు గడిచిన విసుగే. కాని విసుగు ఎంత పెద్దదైతే ఆనందం అంత పెద్దదవుతుందన్న లెక్క సరికాదు. ‘మార్గం (2)’ దగ్గర గంటసేపు ఆగి, చివరకు జవాబుల పట్టికలో ‘త్రోవ’ అని చూసిన పాఠకుడికి మిగిలేది నిరాశే. న్యాయమైన విసుగు మాత్రమే ఆనందంగా పరిణమిస్తుంది. ఎందుకంటే అక్కడ సమాధానం బయటి నుంచి రాలేదు. తనకు తెలిసిన మాటే, తాను చూడని కోణంలో కనిపించింది. మన నోట రోజూ మెదిలే మాటను మొదటిసారి చూసినట్టు చూడడమే ఆ ఆనందంలోని సారం. ‘సర్వ’ను ప్రతిరోజూ కడిగి బోర్లించిన చేతికి, అదే మాట సంస్కృత సమాసాలకు ముందు కూర్చుంటుందని తట్టడం చిన్న విషయం కాదు. వంటింటి మాటకూ శాస్త్రపు మాటకూ మధ్య గోడ లేదని గడి చెప్పిన క్షణం అది.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. గళ్ళ నుడికట్టు చిత్రకావ్యానికి వారసురాలైనా, పాఠకుని పూరణపై ఆధారపడడం వల్ల దానికి ప్రత్యేకమైన విమర్శ ప్రమాణాలు కావాలి. గడికి ప్రమాణం అక్షరం కనుక ఇంగ్లీషు సూత్రాలు సరిపోవు. అక్షరచ్యుతకం, మాత్రాచ్యుతకం, బిందుచ్యుతకం, న్యస్తాక్షరి వంటి పరిభాషను పునరుద్ధరించి ఆధారాల నిర్మాణాన్ని వర్గీకరించవచ్చు. సమాధానం ఒక్కటే కావడం, ఆ ఒక్కదానికి చేరే మార్గం ఆధారంలోనే ఉండడం న్యాయానికి కనీస షరతులు. ప్రాంతీయ పదానికి రెండవ ద్వారం తెరవడం మూడవ షరతు.

పరిశోధకులు ఈ దిశగా చేయవలసిన పనులు ఉన్నాయి. పత్రికల నుడికట్టులను కాలక్రమంలో సేకరిస్తే ఒక్కొక్క దశాబ్దంలో ఏ ప్రాంతపు మాటలు గళ్ళలోకి వచ్చాయో, వేటికి ‘మాండలికం’ తోక తగిలిందో లెక్కించవచ్చు. ప్రామాణిక భాష ఎలా ఏర్పడిందో చెప్పడానికి సంపాదకీయాల కంటే ఈ చిన్న గళ్ళు నిష్పాక్షికమైన సాక్ష్యం ఇవ్వగలవు. ఎందుకంటే అక్కడ భాష గురించి ఎవరూ వాదించలేదు. అందరికీ తెలిసిన మాట అనుకున్నదాన్ని మాత్రమే రాశారు. ఆ ‘అందరి’లో ఎవరు ఉన్నారో, ఎవరు లేరో గళ్ళే చూపుతాయి. అధ్యాపకులు తరగతి గదిలో విద్యార్థుల ఇంటి మాటలతో నుడికట్టు కూర్పిస్తే వర్ణానికీ అక్షరానికీ భేదం, విభక్తి వల్ల వచ్చే మార్పు, పర్యాయపదాల పరిమితి అన్నీ పాఠంగా చెప్పకుండానే తెలుస్తాయి. పూరించడం కంటే కూర్చడం కష్టమని గ్రహించిన విద్యార్థి, తరువాత ఎవరి గళ్ళు నింపినా ఆ కర్త న్యాయాన్ని తూచగలుగుతాడు.